ఆ పిల్లను కాచిగూడకు ఎందుకు పంపినట్టు?

ఈ సంగతి వినమని నేను అడగని మనిషి లేడు. మా కేంద్రంలో కేసుల మీటింగులో చెప్పబోతే టైమైపోయిందన్నారు. నా రిటైర్మెంటు సభలో చెప్పబోతే, శాలువా కప్పడానికి వచ్చిన పెద్దమనిషికి వేరే పనుందని మైకు తీసేసుకున్నారు. కేంద్రం వాళ్ళు వేసే చిన్న పత్రికకు రాసి పంపితే, అందిందని కూడా అనలేదు. ఆ సంచికలో నాకు ఇస్తామన్న పేజీలో పూలకుండీల ఫొటో వేశారు. పూలకుండీల మీద నాకు కోపం లేదు. కానీ ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది.

అందుకని ఇక పెద్దవాళ్ళను వదిలేసి, ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు చెబుతున్నాను. నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేశాను. మాటలు ఆలస్యమైన పిల్లల్ని పరీక్షించడం, వాళ్ళ చేత మాట్లాడించడం నా పని. ఆ పనిలో నేను చూసినవాటిలో ఇంతకంటే గొప్ప రోజు లేదు. తలుచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను. అంత సంతోషమూ అంత మంటా ఒకే రోజు నుంచి వచ్చాయి.

మాది నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక ట్రస్టు నడిపే చిన్న కేంద్రం. మేడ మీద గదులు, వాటి ముందు పొడుగాటి వరండా, వరండాలో ఒక బెంచీ. రైళ్ళు వచ్చేవీ పోయేవీ స్టేషన్ మైకులో మాకూ వినిపించేవి. నా కుర్చీ పరీక్ష గది లోపల, తలుపుకు సరిగ్గా ఎదురుగా ఉండేది. ఎవరు తలుపు తోసినా నా మోకాలికే తగిలేది. మార్చమని అడిగితే స్థలం లేదన్నారు. నా తర్వాత చేరిన జూనియర్ అమ్మాయికి మాత్రం కిటికీ పక్కన స్థలం దొరికింది. పోనివ్వండి. ఆ మోకాలి కుర్చీలో కూర్చోబట్టే గుమ్మం దగ్గర జరిగింది నా కంట పడింది.

ఆ గది తలుపు పక్కన ఒక బోర్డు ఉండేది. "తోబుట్టువులు వరండాలోనే ఉండాలి" అని. దానికి కారణం లేకపోలేదు. బొమ్మ చూపించి "ఇదేంటి నాన్నా" అని చిన్నవాణ్ని అడిగితే, పక్కనున్న అక్క "ఏనుగు" అని అరిచేస్తుంది. పరీక్ష పాడవుతుంది. అది నేనూ ఒప్పుకుంటాను. కానీ రోజంతా వాడు ఎవరితో ఉంటాడో వాళ్ళను బయట కూర్చోబెట్టి, ముందెన్నడూ చూడని మనుషుల మధ్య వాణ్ని మాట్లాడమంటే మనం కొలుస్తున్నది వాడి మాటనా, వాడి బెదురునా? ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అడిగాను. మా డైరెక్టరు మేడమ్ "రూలు రూలేనండీ" అన్నారు. ఆమె బాగా చదువుకున్న మనిషి, పిల్లలంటే నిజంగా ప్రేమ ఉన్న మనిషి. అయినా అది నా ప్రశ్నకు జవాబు కాదు.

ఇక ఆ కుటుంబం. వాళ్ళు అబిడ్స్ నుంచి వచ్చారు. కింద గొడుగులు, రెయిన్‌కోట్లు, ప్రయాణపు సంచులు అమ్మే దుకాణం, పైన ఇల్లు. తండ్రి వైపు వాళ్ళది తరతరాలుగా హైదరాబాదే. ఇంట్లో హిందీ, అదీ మన ఊరి హిందీ. తల్లి వైపు తాతగారు ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు గుడివాడ వైపు నుంచి గుమస్తా ఉద్యోగం మీద వచ్చి కాచిగూడలో స్థిరపడ్డారు. ఆమెది తెలుగు. బషీర్‌బాగ్‌లో ఒకే కాలేజీలో చదివి ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. కోడలు అత్తగారితో హిందీ మాట్లాడుతుంది, తండ్రి దుకాణంలో తెలుగు మాట్లాడతాడు, అంతా సవ్యంగానే సాగుతుంది. పిల్లల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎవరి భాష వాళ్ళదే. తల్లి తెలుగు వదలదు, నాయనమ్మ హిందీ వదలదు. నాయనమ్మను ఆ ఇంట్లో దాదీ అంటారు కాబట్టి నేనూ దాదీ అనే అంటాను.

పిల్లలు ఇద్దరు. ఏడేళ్ళ అక్క, మూడు దాటిన తమ్ముడు. తమ్ముడికి మాటలు రావడం లేదని తీసుకొచ్చారు.

అమ్మ, పాలు, వద్దు, ఇంతకు మించి వాడి నోటి నుంచి రాలేదని తల్లి చెప్పింది. ఆ వయసుకు వాళ్ళక్క తనకే కథలు చెప్పేదట. దాదీ లెక్క కూడా అంతే చిన్నది, కాకపోతే ఆమె లెక్కపెట్టింది హిందీ మాటల్ని. "సమఝ్‌తా సబ్ హై, బోల్తా నై," అంది, అన్నీ అర్థమవుతాయి కానీ మాట్లాడడని. మాకు అర్థం కాదేమోనని తెలుగులోకి దిగింది. "ఒక్క ఇంట్ల రెండు రెండు జబాన్లయితే బచ్చా ఏం జేస్తడు సార్?" తల్లి వెంటనే, పొద్దుగూకులూ ఇంట్లో హిందీ సీరియళ్ళు మోగుతుంటే తెలుగు ఎక్కడి నుంచి వస్తుందండీ అంది. తండ్రి దుకాణం తాళాల గుత్తిని చేతిలో తిప్పుతూ గోడవైపు చూశాడు. ఆ గోడను అతను ఇంట్లో కూడా చాలాసార్లు చూసి ఉంటాడని నాకనిపించింది.

పిల్లవాణ్ని పరీక్ష గదిలోకి పిలిచారు. వాడు నడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. ఆగి, కుడి అరచెయ్యి ముందుకు చాపి, అలాగే నిలబడ్డాడు. ఏడుపు లేదు, మొండితనమూ లేదు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు తల పైకెత్తి ఉంచాడు. మా జూనియర్ అమ్మాయి ఆ చాపిన చేతినే పట్టుకుని లోపలికి లాగింది. లోపల బొమ్మలు చూపించింది. ఇంటి భాష అన్నచోట తల్లి తెలుగు అని రాసింది కాబట్టి అన్నీ తెలుగులోనే అడిగింది. వాడు బొమ్మల వంక చూడలేదు, తలుపు వంక చూశాడు. రిపోర్టులో రెండు లైన్లు చేరాయి. గుమ్మాల దగ్గర ఆగిపోతాడు. అరచెయ్యి పదేపదే చాపుతాడు. మేడమ్ ఆ రెంటి కిందా ఎర్రగీత గీశారు. ఆ గీతలకు ఆటిజం లాంటి, మనవాళ్ళు భయపడే అర్థాలున్నాయి, మీకు తెలుసు.

ఇంతలో వరండాలో మా ఆయమ్మ పిల్లవాడికి గ్లాసులో నీళ్ళు ఇవ్వబోయింది. బెంచీ మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్న అక్క, వాడు గ్లాసులో తాగడనీ సీసాలో పోయాలనీ చెప్పింది. మేడమ్ విన్నారు. ఇంట్లో కూడా వాడి తరఫున పాపే చెబుతుందా అని అడిగారు. ఇంటిల్లిపాదీ ఆ పిల్ల వైపు తిరిగారు. ఆ పిల్ల కాళ్ళూపడం ఆపేసింది.

మేడమ్ రెండు సలహాలు ఇచ్చారు. ఇంట్లో ఒకే భాష పెట్టుకోవాలి. అక్క వాడి బదులు మాట్లాడకుండా కొన్నాళ్ళు దూరంగా ఉంచాలి.

మొదటి సలహా మీద ఆ ఇంట్లో ఎంత గొడవ జరిగిందో తండ్రి తర్వాత నాతో చెప్పాడు. ఏ భాష మానేయాలో తేలలేదు. తల్లి తన భాష ఎందుకు మానాలి, దాదీ తన ఇంట్లో తన భాష ఎందుకు మానాలి? చివరికి మానేయడానికి సులువుగా దొరికింది ఆ పిల్ల. బట్టల సంచీ సర్ది కాచిగూడలో అమ్మమ్మ ఇంటికి పంపేశారు. స్కూలుకు అక్కడి నుంచే ఆటోలో రావడం, మళ్ళీ అక్కడికే పోవడం. తమ్ముడిని చూడటానికి కూడా లేదు, ఎందుకంటే చూస్తే మాట్లాడుతుంది కదా.

కేసుల మీటింగులో నేను ఊరుకోలేదు. ఇంకా దూరం పెట్టేముందు ఆ ఇద్దరినీ కలిపి ఒక్కసారి చూద్దామన్నాను. రెండు భాషల ఇంట్లో పుట్టిన వాడి మాటల్ని ఒక భాషలోనే లెక్కపెడితే, రెండు జేబుల్లో చిల్లర ఉన్నవాణ్ని ఒక జేబు తడిమి బీదవాడన్నట్టు ఉంటుందన్నాను. నా అభిప్రాయం రాసుకున్నామన్నారు. తర్వాత మీటింగు కాగితాలు తిరగేసి చూశాను. రాసుకోలేదు. ఆ రోజు సమోసాలు తిన్న సంగతి మాత్రం ఖర్చుల కింద ఉంది. మా ఆయమ్మ ఒక్కతే నా పక్షాన నిలబడింది. వరండా ఊడుస్తూ, "పెద్దపోరి ఏం జేసిందని సార్, గామెను తోలిన్రు?" అంది. ఆమె ఆ మాట నాతో అంది, మీటింగులో కాదు. మీటింగులోకి ఆమెనూ రానిచ్చేవారు కాదు.

తర్వాత వచ్చినప్పుడల్లా పిల్లవాడు ఇంకా ముడుచుకుపోయాడు. పాలు, వద్దు అనే మాటలు కూడా పోయాయని తల్లి చెప్పింది. గుమ్మం దగ్గర ఆగడం మాత్రం పెరిగింది. వంటింటి తలుపు దగ్గర, ముందుగది తలుపు దగ్గర, చెయ్యి చాపి, ఎవరైనా వచ్చి ఎత్తుకుని లోపల దింపేదాకా నిలబడిపోతున్నాడట. మేడమ్ ఫైలు చూసి, ఎడబాటు ఇంకా సరిపోలేదన్నారు. వచ్చే రివ్యూలో కూడా ఇలాగే ఉంటే జూన్‌లో పాపను కాచిగూడ స్కూల్లోనే చేర్పించడం మంచిదన్నారు.

ఆ రోజు తండ్రి మెట్లమీద నన్ను ఆపాడు. "మా పాప రోజూ ఫోన్ జేసి ఒక్కటే అడుగుతది సార్. తమ్మునికి మాటలొచ్చినయా, నేను రావొచ్చా అని. నేనేం చెప్పాలె?" అతను గొడుగుల కొట్టువాడు, నేను స్పీచ్ థెరపిస్టును, ఇద్దరం మెట్ల మీద మాటలు రాక నిలబడ్డాం.

ఇక ఆ రివ్యూ రోజు.

అమ్మమ్మకు కంటి డాక్టరు దగ్గర పని పడింది. పాపను వదలడానికి చోటు లేక తల్లి ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చింది. దాదీ కూడా వచ్చింది. బోర్డు ప్రకారం పాప బెంచీ మీద కూర్చుంది, ఈసారి కాళ్ళూపకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. మేడమ్ తన గదిలో ఫోన్‌లో ఉన్నారు. జూనియర్ అమ్మాయి తలుపు తీసింది. నా మోకాలికి తగిలింది. పిల్లవాడు వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. అరచెయ్యి చాపాడు. ఆ అమ్మాయి ఎప్పటిలాగే ఆ చెయ్యి పట్టుకోబోయింది.

"లాగొద్దు అక్కా," అంది బెంచీ మీద నుంచి పాప. "లాగితే వాడు రాడు. టికెట్ అడగాలె."

నా చేతిలో పెన్ను ఆగింది. ఏం టికెట్ అమ్మా అని అడిగాను. ఆ పిల్ల ముందు తల్లి ముఖంలోకి చూసింది, తిడుతుందేమోనని. తర్వాత నాతో చెప్పింది.

"రైలాట సార్. నేను టీసీ. వంటిల్లేమో అమ్మ డబ్బా, ముందు రూమేమో దాదీ డబ్బా. ఊకె ఎక్కనియ్య. టికెట్ ఇయ్యాలె."

రైలు పెట్టెను మన ఊళ్ళో డబ్బా అంటారని మీకు చెప్పక్కర్లేదు. టికెట్ అంటే ఏమిటని అడిగాను. ఇంత పెద్దవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది.

"టికెట్ అంటే మాట. అమ్మ డబ్బాకు అమ్మ మాట, దాదీ డబ్బాకు దాదీ మాట. ఒక్కసారి ఇచ్చింది మల్ల నడ్వదు. కొత్తది తేవాలె."

మీలో ఈ వృత్తి చదువుకుంటున్నవాళ్ళు దయచేసి ఆ నాలుగు వాక్యాలు మళ్ళీ ఒకసారి చదవండి. రెండు భాషల్ని రెండు గదులుగా విడదీయడం, ఏ మనిషి దగ్గర ఏ మాట చెల్లుతుందో నేర్పడం, పాత మాట చెల్లదని చెప్పి కొత్తది వెతికించడం. మేము బొమ్మల పెట్టెలు కొని, ట్రైనింగులకు వెళ్ళివచ్చి చేయలేని పనిని, స్టేషన్ గేటు దగ్గర ఒకసారి టీసీని చూసి వచ్చిన ఒక పిల్ల, వంటింటి పరదా దగ్గర నిలబడి చేసింది. అదేమీ ప్రేమతో చేసిన సేవ కాదు. ఆ పిల్లకు తమ్ముణ్ని సతాయించడం సరదా. తల్లీ దాదీ వాడు వేలు చూపిస్తే చాలు, అడక్కుండానే అందించేవారు. అక్క ఒక్కతే, అడిగితే తప్ప దారి ఇవ్వనంది. వాడికి నోరు విప్పాల్సిన అవసరం ఆ ఇంట్లో ఆమె దగ్గరే ఉంది.

ఎప్పుడు ఆడేవారని అడిగాను. అమ్మ హిమాయత్‌నగర్‌లో ట్యూషన్లు చెప్పడానికి వెళ్ళినప్పుడు, దాదీ సీరియల్ చూస్తున్నప్పుడు. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తలుపుకు అడ్డం నిలబడతారని ఆ ఆట కోసం తాను ఎన్నిసార్లు తిట్టిందో ఆమెకు గుర్తొచ్చింది.

"పోయి అడుగమ్మా," అన్నాను. జూనియర్ అమ్మాయి మెల్లగా "సార్, బోర్డు" అంది. బోర్డు చదవడం నాకూ వచ్చని చెప్పాను.

పాప లేచి, గౌను సర్దుకుని, గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. ఆ ఠీవి స్టేషన్‌లో ఏ టీసీకీ లేదు.

"ఏ డబ్బా?"

వాడి ముఖం చూడాలి మీరు. ఇన్నాళ్ళుగా గుమ్మం గుమ్మం దగ్గరా ఎదురుచూసిన మాట అది.

"అమ్మ డబ్బా," అన్నాడు.

"టికెట్ తీయి."

వాడు గదిలోకి తొంగి చూశాడు. మూలన మేము విడిచిన చెప్పులు కనిపించాయి. "చెప్పులు," అన్నాడు. పాప వాడి అరచేతిలో వేలితో పొడిచింది, టికెట్‌కు చిల్లు పెట్టినట్టు. వాడు లోపలికి వెళ్ళాడు. వెళ్ళి ఒక్క క్షణం కూడా ఆగకుండా వెనక్కి పరుగెత్తుకొచ్చి, ఈసారి లోపలివైపు నిలబడి చెయ్యి చాపాడు. దాదీ డబ్బా అన్నాడు. టికెట్ ఏదంటే, పైకి చూపించి "పంఖా" అన్నాడు. బయటికి వచ్చాడు, మళ్ళీ లోపలికి. కుర్చీ. ఖిడ్‌కీ. నీళ్ళు. తాలా. నేను రాసుకోవడం మొదలుపెట్టి మానేశాను. రాస్తూ కూర్చుంటే చూడటం పోతుంది. ఇంకొక సంగతి కూడా అప్పుడే పట్టుకున్నాను. అమ్మ డబ్బా ఎక్కేటప్పుడు ఆమెను అక్కా అంటున్నాడు. దాదీ డబ్బా ఎక్కేటప్పుడు అదే మనిషిని దీదీ అంటున్నాడు. మా రిపోర్టులో మాటలు రానివాడు.

చెప్పులు అని రెండోసారి అన్నప్పుడు పాప చెయ్యి తీయలేదు. అది అయిపోయింది, ఇంకోటి తెమ్మంది. వాడు కాలు నేలకేసి కొట్టాడు. తర్వాత ఆమె చెయ్యి తోస్తూ, "అక్కా నువ్వు జరుగు, నేను పోత," అన్నాడు.

అది వాక్యం. మా కేంద్రంలో వాడి మొదటి వాక్యం, పోట్లాటలో వచ్చింది.

దాదీ బెంచీ పట్టుకుని లేచి నిలబడింది. "యే తెలుగు కబ్ సీఖా?" అని, వీడు తెలుగు ఎప్పుడు నేర్చాడని కోడల్ని అడిగింది. కోడలు తాను ఖిడ్‌కీ, తాలా దగ్గరే ఆగిపోయి ఉంది. తనతో కిటికీ అని కూడా అనని కొడుకు, ఇంత హిందీ ఎక్కడ దాచాడని ఆమె ఆశ్చర్యం. ఇద్దరూ తమ తమ భాషలో ఉన్న సగం పిల్లవాణ్నే ఇన్నాళ్ళూ లెక్కపెట్టారు. రెండో సగాన్ని ఇద్దరూ ఆ వరండాలోనే మొదటిసారి చూశారు. మొత్తం పిల్లవాడు తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉంటే, ఆమెను కాచిగూడకు పంపేశారు.

అప్పటికి ఆట మారింది. తమ్ముడు తానే టీసీనవుతానన్నాడు. ఈ సందడికి మేడమ్ తన గదిలోంచి వచ్చారు. పాపను ఎవరు రానిచ్చారని అడుగుతూ గుమ్మం దాకా వచ్చేశారు. పిల్లవాడు ఆమె మోకాళ్ళ ఎత్తులో చెయ్యి అడ్డం పెట్టాడు.

"టికెట్," అన్నాడు.

బయటివాళ్ళతో వాడు తనంతట తాను అన్న మొదటి మాట అది. మేడమ్, "ఐ యామ్ ది డైరెక్టర్," అన్నారు.

"ఇంగ్లీషు డబ్బా ఇంకా రాలే మేడమ్," అంది పాప.

ఆయమ్మ గోడవైపు తిరిగి చీపురుతో ముఖం కప్పుకుంది. నేను నవ్వలేదు. నా కళ్ళలో నీళ్ళున్నాయి. మేడమ్ వెనుదిరిగి, పక్క గది తలుపు నుంచి లోపలికి వెళ్ళారు. ఒక్క మాట ఇస్తే సరిపోయేది. తెలుగుదైనా, హిందీదైనా.

ఆ సాయంత్రం పాప అబిడ్స్ వెళ్ళిపోయింది. కాచిగూడ నుంచి బట్టల సంచీ మర్నాడు వచ్చింది. జూన్‌లో స్కూలు మారలేదు. అంతవరకూ నేను గెలిచాను.

కానీ ఫైలులో ఏం రాశారో తెలుసా? అక్క నుంచి దూరంగా ఉంచడం వల్ల ఫలితం కనిపించిందనీ, ఇప్పుడు ఇద్దరినీ కలపవచ్చనీ రాశారు. దానికి ముద్ర వేసి ఒక కాపీ ఇంటికి ఇచ్చారు. అది తప్పని నేను రాసిచ్చాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. లేదు. కొన్నాళ్ళకు వడ్రంగిని పిలిచి, రంగులు వేసిన చిన్న చెక్క గేటు ఒకటి చేయించారు. దానికి ద్వారం పద్ధతి అని పేరు పెట్టారు. చూడటానికి అతిథులొస్తే గేటు పక్కన నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటోలో నా మోచెయ్యి ఉంది. నాకు మోచేతి సంగతి ముఖ్యం కాదు, అయినా చెబుతున్నాను. ఆ చెక్క గేటు దగ్గర టికెట్ అడిగేది మా థెరపిస్టులే. అక్కలూ అన్నలూ ఇంకా వరండాలోనే కూర్చుంటున్నారు. గేటు పక్కనే ఆ బోర్డు కూడా ఉంది.

మీరు నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళ మాటలు మింగేస్తారన్నది పూర్తిగా అబద్ధం కాదు. కొత్తవాళ్ళ ముందు ఆ పిల్ల తమ్ముడి బదులు చెప్పింది, నేను కళ్ళారా చూశాను. పరదా దగ్గర అదే పిల్ల వాడి నోట్లోంచి మాట లాగింది. రెండూ నిజమే. ఒకటి మన ముందు జరుగుతుంది, రెండోది మనం లేనప్పుడు జరుగుతుంది. మనం చూసిందే రాస్తాం. అందుకే, రెండు భాషల ఇంటి నుంచి చిన్నపిల్లవాడు మీ దగ్గరకొస్తే, ముందు వాడి అక్కనో అన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, మీరిద్దరూ ఏం ఆడుకుంటారని అడగండి. ఆ తర్వాత తల్లిదండ్రుల్ని అడగండి. బొమ్మలు ఆఖరున తీయండి.

ఇదంతా మళ్ళీ ఎందుకు తవ్వుతున్నానంటే, కిందటి నెలలో ఒక ఆదివారం అబిడ్స్ వెళ్ళాను. దుకాణాలన్నీ మూసి ఉంటాయి, షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. అక్కడ ఒక పిల్లవాడు పుస్తకాలాయనతో బేరమాడుతున్నాడు. హిందీలో మొదలుపెట్టి, ఆయన తెలుగువాడని తెలిసి తెలుగులోకి మారి, ధర తగ్గకపోయేసరికి ఇంగ్లీషులో అన్యాయమన్నాడు. పక్కన అతని అక్క, నా అంత ఎత్తు పెరిగింది, నన్ను గుర్తుపట్టింది. ఇంగ్లీషు డబ్బా వచ్చినట్టుందే అన్నాను. నవ్వింది. నవ్వి, అడిగింది.

"సార్, అమ్మమ్మ ఇప్పటికీ అంటది. నిన్ను మా ఇంట్ల ఉంచుకున్నందుకే వానికి మాటలొచ్చినయని. నిజమేనా?"

కాదన్నాను. నీ వల్లే వాడికి మాటలొచ్చాయని చెప్పాను. అక్కడ ఫుట్‌పాత్ మీదే, నాకు చేతనైనంత గట్టిగా చెప్పాను.

"మరి కాయితంల గట్లనే ఉంది గద, ముద్ర గూడ ఉంది," అంది. "నాకు కోపమేం లేదు సార్. ఊకె అడిగిన. నేనేం తప్పు జేసిన్నని."

ముద్ర ఉన్న కాగితం ముందు నా నోటిమాట ఎంత? ఇన్నేళ్ళూ నేను నా శాలువా గురించి, నా పేజీ గురించి, నా మోచేతి గురించి ఉత్తరాలు రాస్తూ వచ్చాను. ఆ పిల్ల ఇన్నేళ్ళూ దీన్ని మోసింది, ఎవరికీ రాయకుండా.

కాబట్టి మేడమ్, ఇది మీ కంటా పడుతుందని నాకు తెలుసు, నా ఉత్తరాలన్నీ పక్కన పెట్టేయండి. వాటిలో దేనికీ మీరు జవాబు ఇవ్వనక్కర్లేదు. ఈ ఒక్కదానికి ఇవ్వండి. ఆ పిల్లను కాచిగూడకు ఎందుకు పంపారు? పంపింది పొరపాటైతే, పొరపాటని కాగితం మీద రాసి, ముద్ర వేసి, అబిడ్స్‌లో ఆ గొడుగుల దుకాణం పై ఇంటికి పంపండి. అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో, దాదీకి అర్థమయ్యేలా హిందీలో, అమ్మమ్మకు చదివి వినిపించేలా పెద్ద అక్షరాలతో. ఆ రోజు మీరు పక్క తలుపు నుంచి వెళ్ళిపోయారు. ఈ గుమ్మానికి పక్క తలుపు లేదు. ఆ పిల్ల ఇంకా చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. టికెట్ ఇవ్వండి.